లారెడో: లక్షల కోట్ల సరుకు దాటే ఊరు, కాచుకుని తాగిన నీళ్లు

నమస్తే అండి. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల గోల చాలాకాలం సద్దుమణగలేదు. టెక్సస్ సరిహద్దులోని లారెడో ఊరు, దాని వెబ్ కౌంటీ ఎన్నో ఏళ్లుగా డెమోక్రాట్ల కంచుకోట. 2020లో బైడెన్‌ని గెలిపించిన ఆ కౌంటీ నాలుగేళ్లు తిరిగేసరికి ట్రంప్‌కి పట్టం కట్టింది. ఇక టీవీల్లో ఒకటే పాట: హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, ఎందుకు మారిపోయారు?

ఆ ప్రశ్నే తప్పండి! రెండున్నర లక్షల జనాభా, అందులో 95 శాతం హిస్పానిక్‌లే. అక్కడ టీచరూ హిస్పానికే, లారీ డ్రైవరూ హిస్పానికే, సరిహద్దు కాపలా కాసే బోర్డర్ పెట్రోల్ ఉద్యోగుల్లోనూ చాలామంది హిస్పానిక్‌లే. అందరికీ ఒకటే జాతి అయినప్పుడు జాతిని చూపించి ఓటు ఎలా వివరిస్తారు? నా లెక్క వేరు. లారెడోని అర్థం చేసుకోవాలంటే ఆ ఊరి వంతెన మీదికి వెళ్లండి.

అమెరికా భూసరిహద్దులో అన్నిటికంటే పెద్ద సరుకుల రేవు అది. 2023లో 30 వేల కోట్ల డాలర్లకు పైగా వ్యాపారం ఆ ఒక్క చోటు నుంచే సాగింది. మెక్సికో నుంచి వచ్చిన ట్రెయిలర్ నదికి అవతల, మెక్సికో వైపున్న న్యూవో లారెడోలో ఆగుతుంది. వంతెన దాటించడానికే ఇంకో లారీ వస్తుంది. ఇవతల గోడౌన్‌కి చేరాక మూడో లారీ తగిలించుకుని ఐ-35 రోడ్డెక్కుతుంది. శాన్ ఆంటోనియో, ఆస్టిన్, డాలస్... మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న ఊళ్లన్నీ ఆ రోడ్డు మీదే కదా! మీ కారు విడిభాగాలు, మీ ఫ్రిజ్ అటునుంచే వచ్చి ఉండొచ్చు.

మరి లారెడోకి మిగిలిందేమిటి? గోడౌన్ కూలి, డ్రైవర్ జీతం, కస్టమ్స్ బ్రోకర్ కమిషన్, వంతెన టోలు. సుంకాల డబ్బు నేరుగా వాషింగ్టన్ ఖజానాకి! ఊళ్లో ఐదుగురిలో ఒకరు పేదరికంలోనే ఉన్నారు. తాగడానికి రియో గ్రాండే నది ఒక్కటే దిక్కు. 2024 అక్టోబరులో కుళాయి నీళ్లలో ఈ-కోలై బ్యాక్టీరియా బయటపడి, కాచుకుని తాగండని ఊరంతటికీ చెప్పారు. ఎన్నికలకి నెల కూడా లేదండి అప్పటికి!

ఇంకోటి వినండి. 2010లో ఆ ఊళ్లో ఉన్న ఒక్క పెద్ద పుస్తకాల షాపూ మూసేశారు. అప్పట్లో ఒక పుస్తకం కొనాలంటే 150 మైళ్లు, శాన్ ఆంటోనియో దాకా పోవాల్సి వచ్చింది. లక్షల కోట్ల సరుకు గుమ్మం ముందు నుంచే పోతుంటే, పిల్లలకి పుస్తకాల షాపు లేకుండా పోయింది!

ఈ హిస్పానిక్‌లనా కొందరు 'బయటివాళ్లు' అంటున్నారు? 1755లో, అంటే అమెరికా అనే దేశం పుట్టకముందే కట్టుకున్న ఊరది. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజుని 1898 నుంచి పండగలా చేస్తున్నారు. ఇప్పుడది వారాల తరబడి సాగుతుంది. ఆ దేశభక్తిని ఏ చానలూ చూపించదు, సరిహద్దు కంచె మాత్రం రోజూ చూపిస్తుంది.

నేను తెగేసి చెబుతున్నా: ఆ రేవులో వసూలయ్యే సుంకంలో ఒక వాటా ఆ ఊరి నీటి పైపులకి చట్టం చేసి ఇవ్వాలి. సుంకాలు పెంచాలని గొంతు చించుకునే నాయకుల్లో ఒక్కరైనా ఆ మాట అన్నారా? డాలస్, ఆస్టిన్‌లో ఉన్నవాళ్లు మీ కాంగ్రెస్ సభ్యుణ్ణి ఇదే అడగండి, ఏం జవాబిచ్చారో కింద కామెంట్లలో రాయండి. తర్వాతి వీడియోలో చదివి వినిపిస్తాను.