పల్లె పోస్టింగులో నర్సింగ్ విద్యార్థి నేర్చుకునేది: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. నర్సింగ్ విద్యార్థుల కమ్యూనిటీ పోస్టింగుల గురించి, అంటే ఊళ్లలో ఇళ్లకు వెళ్లి చేసే శిక్షణ గురించి, ఈ సబ్జెక్టును చాలాకాలం బోధించి పదవీ విరమణ చేసిన మేడమ్ గారు మీ సందేహాలకు సమాధానాలు చెబుతారు. మొదటి శ్రోత లైన్లో ఉన్నారు, మాట్లాడండి.

శ్రోత: నమస్కారం మేడమ్. నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వార్డులో అయితే రోజూ ఏదో ఒక కొత్త పని చేతికొచ్చేది. ఈ ఊళ్లో ఒక్కో కుటుంబం ఆరోగ్య వివరాలు రాసే ఫ్యామిలీ ఫోల్డర్లు నింపడం, బీపీ చూడడం తప్ప ఏమీ నేర్చుకోవడం లేదనిపిస్తోంది. ఒక గర్భిణికి హిమోగ్లోబిన్ 9 గ్రాములే ఉంటే, చార్టు చూపించి మరీ ఐరన్ మాత్రలు వేసుకోమన్నాను. మళ్లీ వెళ్లేసరికి మాత్రలు అలాగే ఉన్నాయి.

సలహాదారు: ఎక్కడ ఉన్నాయమ్మా?

శ్రోత: వంటగదిలో, టీపొడి డబ్బా వెనక. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

సలహాదారు: ఎందుకు వేసుకోలేదని అడిగారా?

శ్రోత: లేదు మేడమ్. రక్తహీనత ఎంత ప్రమాదమో మళ్లీ చెప్పి వచ్చాను.

సలహాదారు: ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీకు ఎంతో తెలిసేది. గర్భిణికి 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత అని మీరు పుస్తకంలో చదివే ఉంటారు. కానీ మాత్ర వేసుకుంటే వికారంగా ఉంటుందనో, విరేచనం నల్లగా అవుతోందనో, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని అత్తగారు వద్దన్నారనో ఆమె చెబితేనే మీకు తెలుస్తుంది. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనండి. నల్లటి విరేచనం ఆ మాత్రల వల్లే, భయం లేదని చెప్పండి. టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి మాత్రం వద్దనండి. భయం అత్తగారిదైతే ఆవిడను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి.

శ్రోత: కొన్ని ఇళ్లలో గుమ్మంలోనే నిలబెట్టి పంపేస్తున్నారు మేడమ్.

సలహాదారు: ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లండి. సుమారు 1,000 మంది జనాభాకు ఒకరు చొప్పున ఉండే ఆ అమ్మాయికి, ఏ కోడలు పుట్టింటికి వెళ్లిందో, ఏ పసివాడికి టీకా తప్పిపోయిందో మీ ఫోల్డర్ కంటే ముందే తెలుస్తుంది. కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె చేసే సందర్శనల్లో ఒక్కటైనా దగ్గరుండి చూడండి. బిడ్డ ఒళ్లు చల్లబడిందేమో పాదాలు ముట్టుకుని ఎలా గమనిస్తుందో చూస్తే, మీకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది. ఇంట్లోకి వెళ్లాక కాగితం పరిచి బ్యాగు దాని మీదే పెట్టండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సామాను తీయండి. నీళ్లు మోసుకొచ్చుకునే ఇల్లయితే ఒక్క చెంబుతోనే సరిపెట్టుకోండి.

శ్రోత: ఆ గర్భిణి పొద్దున్నే మిరప కోతకు వెళ్తుంది మేడమ్, సాయంత్రం గానీ రాదు. మా కాలేజీ బస్సేమో 4 గంటలకే బయలుదేరుతుంది.

సలహాదారు: ఒక్కరే ఆగిపోకండి. కారణం వివరించి, ఒక్క సాయంత్రం బస్సు ఆలస్యంగా తీయమని మీ ట్యూటర్‌ను అడగండి. అది కుదరకపోతే ఆమె ఏ రోజు పనికి వెళ్లదో ఆశాను కనుక్కుని ఆ రోజే వెళ్లండి. ఈసారి చార్టు బ్యాగులోనే ఉంచి, ముందు ఆమెను మాట్లాడనివ్వండి.