గో అనేదాకా ఆగు

అందరికీ నమస్కారం. హెడ్మాస్టర్ గారికి, టీచర్లకు, తల్లిదండ్రులకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ నలుగురు పిల్లలకు ప్రత్యేకంగా. మీలాంటి వాళ్లే చివరికి తెర వెనక తేలతారు. నేను కూడా అదే గోడ బాపతు.

నాటకాల్లో నేను చేసిన మొట్టమొదటి పని ఒక రాజుగారిని చీకట్లో ముంచడం. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నటించడానికి పేరిస్తే గొంతు చాలదన్నారు, పోయి లైట్ల దగ్గర కూర్చోమన్నారు. నా ముందు ఒక పెట్టె, దాని మీద పైకీ కిందకీ జరిపే స్లైడర్లు, పక్కన అన్ని లైట్లనూ ఒక్కసారిగా ఆర్పేసే ఎర్ర బటన్. చెవులకు హెడ్‌సెట్. అవతలి వైపు స్టేజ్ మేనేజర్, అంటే ఏది ఎప్పుడు నొక్కాలో చెప్పే మనిషి, పదో తరగతి అక్క. స్టేజీ మీద రాజుగారు కొడుకు పోయాడని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు పూర్తయ్యాక బ్లాకవుట్. నా చేతులు చెమటలు పడుతున్నాయి. నా టెన్షన్ ఊపిరిలోనే వినబడిందేమో, ఆ అక్క చాలా నెమ్మదిగా, ధైర్యం చెబుతున్నట్టు అంది: "గో అనేదాకా ఆగు."

నాకు మొదటి మాట ఒక్కటే వినబడింది. నొక్కేశాను.

ఇదే మాట ఇంగ్లీషులో చెబితే ఆగమనడం ముందొస్తుంది, గో చివర వస్తుంది. తెలుగు వాక్యంలో గో ముందొచ్చి, ఆగు చివర్లో తీరిగ్గా వస్తుంది. అది వచ్చేసరికి నా వేలు దిగిపోయింది. రాజుగారు మాత్రం ఏడుపు ఆపలేదు. కటిక చీకట్లో ఇంకో నాలుగు వాక్యాలు ఏడ్చి, తడుముకుంటూ బయటికొచ్చాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. అదేదో కొత్త పద్ధతి అనుకున్నారు.

ఆ రోజు నన్ను ఎవరూ తిట్టలేదు. తర్వాత తెలిసింది, తప్పు నా ఒక్కడిదే కాదని. ప్రపంచంలో ఎక్కడైనా హెడ్‌సెట్ పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఒక నియమం ఉంది. అవసరం ఉన్న ఒక్క క్షణంలో తప్ప "గో" అనే మాట నోట్లోంచి రాకూడదు. దాని గురించి మాట్లాడాల్సి వస్తే "ఆ మాట" అంటారు, లేదా అక్షరాలు విడదీసి "జీ, ఓ" అంటారు. మంత్రంలా ఉంది కదా? కానీ కారణం మామూలుదే. చీకట్లో బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్న మనిషి వాక్యాలు వినడు, మాటలు వింటాడు.

అందుకే క్యూ, అంటే ఇప్పుడు ఈ పని చేయి అనే సంకేతం, ఇచ్చే వరస ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ముందు "లైట్స్ 24, స్టాండ్‌బై," అంటే సిద్ధంగా ఉండు అని. లైట్ల దగ్గరున్నవాడు "లైట్స్" అని బదులిస్తాడు, అంటే విన్నాను, వేలు పెట్టాను అని. ఇక అక్కణ్ణుంచి హెడ్‌సెట్‌లో కబుర్లు బంద్. సరైన క్షణం వచ్చాక "లైట్స్ 24..." అని ఒక చిన్న విరామం, "గో." ఎవరికి చెబుతున్నామో, ఎన్నో నంబరో ముందొస్తుంది. పని జరగాల్సిన మాట ఆఖరున, ఒంటరిగా వస్తుంది. నాకు ఆ అక్క "ఆగు, ఇంకా చెప్పలేదు" అని ఉంటే రాజుగారి పరువు దక్కేది.

నాటకం మొదలయ్యే ముందు నటులకు సమయం చెప్పడం కూడా ఇలాంటిదే. స్టేజ్ మేనేజర్ గది గుమ్మంలో నిలబడి "ఐదు నిమిషాలు" అంటే లోపలున్నవాళ్లు "థాంక్యూ, ఐదు" అని తిరిగి అనాలి. మర్యాద కోసం అనుకుంటారు చాలామంది. కాదు, అది రసీదు. ఊరికే తలూపితే సరిపోదు, అద్దంలో మీసం అతికించుకుంటున్నవాడి తలకాయ ఊపుకి అర్థం ఏమిటో ఎవరికి తెలుసు?

ఆ అక్క దగ్గరున్న పుస్తకం నాకింకా కళ్లముందే ఉంది. దాన్ని ప్రాంప్ట్ బుక్ అంటారు. ఒకవైపు పేజీలో నాటకం, ఎదుటి పేజీలో గీతలు, నంబర్లు. ఏ మాటలో, ఆ మాటలో ఏ అక్షరం దగ్గర లైటు మారాలో బాణం గీసి ఉంటుంది. అంతా పెన్సిల్‌తోనే. పెన్నుతో రాస్తే మర్నాడు రిహార్సల్‌లో మారినప్పుడు పేజీ పాడవుతుంది. మారకుండా ఉండదు. స్టేజ్ మేనేజర్‌కి రాత్రికి రాత్రి జ్వరం వస్తే, ఆ పుస్తకం పట్టుకుని ఇంకొకరు ప్రదర్శన నడిపించగలగాలి. పుస్తకానికి పరీక్ష అదొక్కటే.

మాటొచ్చింది కాబట్టి చెబుతాను. నేపథ్యం అనే మాట మనం ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ అన్న అర్థంలో వాడుతున్నాం. సంస్కృత నాటకాల్లో నేపథ్యం అంటే తెర వెనక వేషాలు కట్టుకునే చోటు. నాట్యశాస్త్రంలో నాటకశాల ఎలా కట్టాలో ఒక అధ్యాయమే ఉంది. మధ్యరకం శాలకు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చెప్పి, అందులో సగం ప్రేక్షకులకు, మిగతా సగం రంగస్థలానికీ నేపథ్యానికీ ఇచ్చారు. అంటే తెర వెనక పని అనేది నటన కుదరని పిల్లల్ని సర్దే చోటుగా ఎప్పుడూ లేదు. మనమే అలా చేసుకున్నాం.

ఇప్పుడు కొంచెం ఆ ట్యూబ్‌లైట్లు ఆపుతారా? థాంక్యూ. ఒక అమ్మాయి ఇలా వచ్చి కుర్చీలో కూర్చోండి. నా చేతిలో ఉన్నది మామూలు టార్చి. గడ్డం కింద పెడుతున్నాను... అదిగో, నవ్వుతున్నారు, దయ్యం. ఇప్పుడు సరిగ్గా నెత్తి మీద. కళ్లు కనబడటం లేదు, రెండు గుంటలే ఉన్నాయి. ఎదురుగా పెడితే అన్నీ కనబడుతున్నాయి కానీ ముక్కు చదునైపోయింది, గుర్తింపు కార్డు ఫొటోలా. ఇప్పుడు కాస్త పక్కకి, కాస్త పైకి, రెండూ సుమారు 45 డిగ్రీలు. చూశారా? ముక్కుకి నీడ వచ్చింది, చెంప వచ్చింది. మనిషి వచ్చింది. అమ్మాయి కదల్లేదు, ముఖం మార్చలేదు. నేను చేయి మాత్రమే కదిపాను. థాంక్యూ, వెళ్లి కూర్చోండి.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో స్టేజీ లైటింగ్ నేర్పిన స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో దీన్నే ఒక పద్ధతిగా రాసి పెట్టాడు. నటుడు నిలబడే ప్రతి చోటుకీ రెండు లైట్లు, చెరో పక్క నుంచి, 45 డిగ్రీల్లో, ఒకటి వెచ్చటి రంగు, ఇంకొకటి చల్లటి రంగు. నీడ కూడా నల్లగా కాకుండా రంగుగా పడుతుంది. దాన్ని దాటి చాలా పద్ధతులొచ్చాయి కానీ, బడిలో మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. రెండు టార్చీలు, ఎర్రటి కాగితం, నీలం కాగితం ఉంటే ఈ సాయంత్రమే చేయొచ్చు.

పదో తరగతి ఫిజిక్స్‌లో "ఇది ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడుగుతారు కదా. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 230 వోల్టుల లైనులో 1000 వాట్ల దీపం సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది. 120 వోల్టులున్న దేశాల్లో అన్నే వాట్ల దీపం 8.3 లాగుతుంది. ఒక సాకెట్‌కి ఎన్ని తగిలించొచ్చో ఈ లెక్క చెబుతుంది. లెక్క చేయకపోతే నాటకం మధ్యలో ఫ్యూజ్ చెబుతుంది.

ఇక్కడ నవ్వులు కాసేపు ఆపుదాం.

పేపర్లలో ఫలానావారు లైమ్‌లైట్‌లోకి వచ్చారు అని రాస్తారు. ఆ లైమ్ నిమ్మకాయ కాదు, సున్నం. ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో సున్నపు ముక్కను కాలిస్తే కళ్లు చెదిరే తెల్లటి వెలుగు వస్తుంది. 1837లో లండన్‌లో కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో దాన్ని వాడారు. ఊహించండి, చెక్క స్టేజీ, గుడ్డ తెరలు, పక్కనే మంట, గ్యాసు. 1881లో లండన్ సవాయ్ థియేటర్‌కి విద్యుత్ దీపాలు పెట్టినప్పుడు యజమాని రిచర్డ్ డాయ్లీ కార్ట్ వెలుగుతున్న బల్బును ప్రేక్షకుల ముందే పగలగొట్టి చూపించాడు, దీంతో నిప్పు అంటుకోదు, భయపడకండి అని.

అయినా అంటుకుంది, వేరే చోట. 1903 డిసెంబర్ 30, చికాగోలో ఇరాక్వాయ్ థియేటర్. తెరిచి ఐదు వారాలు దాటింది అంతే. అసలు కాలిపోని భవనం అని ప్రచారం చేసుకున్నారు. సెలవుల్లో మధ్యాహ్నం ఆట కాబట్టి హాలు నిండా తల్లులూ పిల్లలూ. ఆర్క్ లైటు అనే ఒక రకం కరెంటు దీపం నుంచి రవ్వ ఎగిరి పక్కనున్న తెరకు తగిలింది. మంటను ఆపాల్సిన రక్షణ తెర దించితే సగంలో ఇరుక్కుంది. తలుపులు కొన్నిటికి తాళాలు, కొన్ని లోపలి వైపుకి తెరుచుకునేవి. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే లోపలికి తెరుచుకునే తలుపు తీయడం ఎవరి తరమూ కాదు. 600 మందికి పైగా చనిపోయారు.

ఈరోజు పెద్ద హాళ్లలో తలుపుకి అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, ఒంటితో నెడితే చాలు బయటికి తెరుచుకుంటుంది. అలాంటి కడ్డీలు వాడకంలోకి రావడానికి ఆ రోజు చాలావరకు కారణం. మీ సెట్‌లో చెట్టు ఎంత అందంగా వచ్చినా సరే, దాన్ని ఆ తలుపుకి అడ్డంగా పెట్టకూడదు. ఈ విషయంలో నేను పిల్లలతో వాదించను, డైరెక్టర్‌తోనూ వాదించను. చెట్టు తీసేస్తాను.

మిగతా జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిని చెప్పడం కంటే చేయించడమే దారి. పైన వేలాడే ప్రతి లైటుకూ దాని కొక్కెం కాకుండా రెండో ఆధారంగా ఒక స్టీలు తీగ ఉండాలి. నిచ్చెన ఎక్కేవాడి స్పానర్ వాడి చేతికే కట్టి ఉండాలి. పైన పని జరుగుతుంటే కింద ఎవరూ నిలబడకూడదు, తలెత్తి చూడటానికి కూడా.

టీచర్లతో ఒక గొడవ పెట్టుకుంటాను, మన్నించండి. చాలా బళ్లలో చూశాను. నెల రోజులు పిల్లలే లైట్లు వేస్తారు, పిల్లలే సౌండ్ చూసుకుంటారు. ప్రదర్శన రోజు ముఖ్య అతిథి వస్తున్నాడు అనగానే సైన్స్ సారు వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. "నువ్వు లే నాన్నా, ఇవాళ నేను చూసుకుంటా." ఆ పిల్లాడు లేచి పక్కన నిలబడతాడు. నెల రోజులు వాడు నేర్చుకున్నదంతా ఆ ఒక్క గంట కోసం. ఆ గంట లాగేసుకుంటే వాడికి మిగిలేది స్లైడర్లు జరిపే కసరత్తు మాత్రమే. ఇంకో తమాషా, క్యూలు ఆ పిల్లాడికి తెలిసినంతగా సారుకి తెలియవు కాబట్టి తప్పులు కూడా ఎక్కువే పడతాయి.

కరెంటు పెట్టె, ఎత్తులు, పైనుంచి వేలాడే బరువులు, ఇవి మీ చేతుల్లో ఉంచుకోండి సార్. వాటిని వదలమని నేనెప్పుడూ అనను. బటన్లు మాత్రం వదిలేయండి. రాజుగారు చీకట్లో ఏడిస్తే ఎవరూ చచ్చిపోరు. నేను ఆ రాత్రి తప్పు చేసినప్పుడు మా మాస్టారు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. లేచి రాలేదు. ఆ తర్వాత రంగానికి లైట్లు వేయాల్సింది కూడా నేనే. "లైట్స్ 25, స్టాండ్‌బై" అని చెవిలో ఆ అక్క గొంతు మామూలుగా, ఏమీ జరగనట్టు వినబడింది. "లైట్స్" అన్నాను. ఈసారి ఆగాను.

సెట్ గురించి ఒక్కటే మాట. కట్టకముందు హాల్లోకి వెళ్లి మొదటి వరసలో ఈ చివరి కుర్చీలో, ఆ చివరి కుర్చీలో, ఆఖరి వరసలో కూర్చోండి. అక్కణ్ణుంచి కనబడనిది ఎంత బాగా చేసినా వృథా. కనబడకూడనివి కూడా అక్కణ్ణుంచే కనబడతాయి, పక్కన నీళ్లు తాగుతున్న సేనాపతితో సహా.

దీంట్లో ఉద్యోగాలున్నాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఉన్నాయి. నాటకశాలలు, కచేరీలు, టీవీ, పెద్ద సభలు, అన్నిటికీ మనుషులు కావాలి. పని వేళలు మాత్రం దారుణం, లోకమంతా సరదాగా ఉన్న సాయంత్రాలే మనకు డ్యూటీ. అందరూ ఇందులోకి రానక్కర్లేదు. మా జట్టులోంచి నేనొక్కణ్ణే ఇందులో ఉన్నాను. ఆ అక్క ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. మొన్నామధ్య ఫోన్‌లో అంటోంది, అక్కడ కూడా ఏం అందించమంటే దాని పేరు తిరిగి చెప్పి అందిస్తారట. "థాంక్యూ, ఐదు" అన్నాను. చాలాసేపు నవ్వింది.

సరే, మాటలు చాలు. ఇదిగో, 20 మీటర్ల కేబుల్. మీ బడిదే, ఇందాక తీసి చూశాను, అరచేతికీ మోచేతికీ వేసి చుట్టి పెట్టారు. అలా చుట్టిన ప్రతిసారీ లోపలి తీగ ఒక మెలి తిరుగుతుంది. కొన్నాళ్లకు లోపలే తెగుతుంది, పైకి ఏమీ కనబడదు, నాటకం రోజు గరగరమంటుంది. మొదటి చుట్టు మామూలుగా వేయండి. రెండోది వేసేటప్పుడు మణికట్టు లోపలికి తిప్పి, తీగ చుట్టు కింద నుంచి వచ్చేలా పట్టుకోండి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. మొదటి రోజు చేతికి రాదు, చిరాకేస్తుంది, మూడో రోజుకి చూడకుండా వస్తుంది. బాగా చుట్టినదాన్ని ఒక కొస పట్టుకుని విసిరితే ఒక్క ముడీ పడకుండా హాలు ఆ చివరిదాకా తిన్నగా పరుచుకుంటుంది.

గోడకి ఆనుకున్న ఆ నలుగురూ, మీరే, ఇలా రండి. ఒకరు ఈ కొస పట్టుకోండి. నేను చెప్పేదాకా విసరకండి.