బీచ్ క్లీనప్‌కి వస్తున్నారా? గోనెసంచితో పాటు పెన్సిల్ కూడా తెచ్చుకోండి

[దృశ్యం: విశాఖ ఆర్కే బీచ్, ఉదయం ఆరు గంటలు. నడకకి వచ్చిన జనం. కెమెరా నెమ్మదిగా ఇసుక మీదకి దిగుతుంది. ఇసుకలో ఒక చిన్న నీలం ప్లాస్టిక్ ముక్క.]

ఇదేంటో చెప్పండి చూద్దాం. చిటికెన వేలి గోరంత ఉంది. నీలం రంగు, మూడు మూలలు.

పాల ప్యాకెట్ మూల. పొద్దున్నే కత్తెరతో ప్యాకెట్ చివర కత్తిరించి పాలు గిన్నెలో పోస్తాం కదా, అప్పుడు తెగి సింకులో పడే ముక్క. ప్యాకెట్‌ని పాత సామాన్ల అతను తీసుకుంటాడేమో గానీ దీన్ని ఎవరూ తీసుకోరు. సింకులోంచి కాలవలోకి, కాలవలోంచి గెడ్డలోకి, అంటే వాగులోకి, గెడ్డలోంచి ఇదిగో, ఇక్కడికి.

మొదటిసారి క్లీనప్‌కి వచ్చినప్పుడు ఇలాంటి ముక్క ఒక్కటి కూడా నా కంట పడలేదు. పెద్ద పెద్ద సీసాల కోసం పరిగెత్తాను. సంచి తొందరగా నిండుతుంది మరి.

[దృశ్యం: వ్యాఖ్యాత కెమెరా ముందుకి వస్తారు. చేతిలో అట్ట, దానికి క్లిప్పుతో పెట్టిన కాగితం, చెవి వెనక పెన్సిల్.]

పర్యావరణం కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు పెట్టే కార్యక్రమాలకి వాలంటీర్‌గా వెళ్తే అక్కడ ఏం పని ఉంటుంది, అందులో ఏది అక్కరకొస్తుంది, ఏది ఫొటోకి తప్ప దేనికీ పనికిరాదు, ఈ వీడియోలో అదే మాట్లాడుకుందాం.

మన దగ్గర ‘వాలంటీర్’ అన్న మాటతో ఒక చిక్కుంది. కొన్నేళ్ల పాటు ఇంటింటికీ పింఛను పంచిన ప్రభుత్వ మనుషులనీ అలాగే పిలిచేవారు. టీషర్టు మీద ఆ మాట చూసి ఒక మామ్మగారు నన్ను ఆపి, "పింఛనీ ఎప్పుడిస్తారు బాబూ?" అని అడిగారు. ఆ వాలంటీర్‌ని కాదు మామ్మగారూ, చెత్త ఏరే వాలంటీర్‌ని అన్నాను. "అయ్యో, చదువుకున్నట్టున్నావే" అని జాలిపడ్డారు.

సరే, ఆ మొదటి రోజు సంగతి చెప్తాను. సంస్థ పేరు చెప్పను. వందమందికి పైగా వచ్చాం. బ్యానర్ కట్టారు, అదీ ప్లాస్టిక్ ఫ్లెక్సీయే. తలా ఒక చిన్న నీళ్ల సీసా, వాడి పారేసే గ్లోవ్స్ ఇచ్చారు. గంటన్నర ఏరాం. సంచులన్నీ కుప్ప పోసి, ముందు నిలబడి ఫొటో దిగాం. ఎవరో మైకులో ఇన్ని టన్నులు అని ప్రకటించారు, చప్పట్లు కొట్టాం. సాయంత్రం మళ్లీ అటు వెళ్తే కుప్ప అక్కడే ఉంది. కుక్కలు సంచులు చింపేశాయి. గాలికి సగం చెత్త మళ్లీ ఇసుక మీదకి వచ్చేసింది. పొద్దున మేం తాగి పారేసిన నీళ్ల సీసాలు కూడా అందులోనే.

సంచులు ఎవరు తీసుకెళ్తారో ముందుగా మున్సిపాలిటీ వాళ్లతో మాట్లాడుకోలేదట. అంతే కారణం. అందుకే ఇప్పుడు ఎవరు క్లీనప్‌కి పిలిచినా నేను మొదట అడిగేది ఒక్కటే: "బండి ఎన్నింటికి వస్తుంది?" జవాబు తడబడుతూ వస్తే ఆ ఆదివారం ఇంట్లోనే పడుకుంటాను.

ఇక టన్నుల లెక్క. తడి ఇసుక అంటుకున్న వల ముక్క ఒక్కటి చాలు, త్రాసు ముల్లు ఎగిరిపోవడానికి. సిగరెట్ పీకలు వెయ్యి ఏరినా అరకిలో కూడా రావు. కాబట్టి బరువు చెప్తే ఎంత కష్టపడ్డామో తెలుస్తుంది గానీ, బీచ్‌కి పట్టిన జబ్బేంటో తెలియదు. అది తెలియాలంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి.

[దృశ్యం: ప్రపంచ పటం. టెక్సాస్ తీరం మీద చిన్న చుక్క వెలుగుతుంది.]

ఈ లెక్క రాసుకోవడం కొత్తగా వచ్చిందేమీ కాదు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, కేథీ ఒహారా అనే ఇద్దరు మహిళలు 2,800 మంది వాలంటీర్లతో తీరం శుభ్రం చేయించారు. ఏరిన ప్రతి వస్తువునీ కాగితం మీద రాయించారు. ఇప్పుడు ఏటా సెప్టెంబర్ మూడో శనివారం ప్రపంచమంతా జరిగే తీర శుభ్రతా దినం అక్కడ మొదలైందే. దాన్ని నడిపే ఓషన్ కన్సర్వెన్సీ అనే సంస్థ దగ్గర దశాబ్దాల లెక్కలున్నాయి. ఏళ్ల తరబడి వాటిలో మొదటి స్థానం సిగరెట్ పీకదే. పీక అంటే దూది అనుకుంటాం గానీ అది సెల్యులోజ్ ఎసిటేట్, ఒక రకం ప్లాస్టిక్. 2019లో ఏరిన చెత్తలో మాత్రం మొదటిసారి తినుబండారాల రేపర్లు పీకని దాటేశాయి.

ఈ లెక్కలతో ఏం ఒరిగింది అంటారా? ఐరోపా సమాఖ్య 2019లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద చట్టం తెచ్చింది. ఏ వస్తువులని అదుపు చేయాలన్న ప్రశ్నకి వాళ్లు చూసింది బీచ్‌ల లెక్కలే. తీరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన పది రకాలని తీసుకుని, వలలు, తాళ్ల లాంటి చేపలవేట సామాన్లని కూడా కలిపి చట్టం రాశారు. ఎక్కడో ఎవరో చలిలో వంగి స్ట్రాలు లెక్కపెడితే అవి కాగితం ఎక్కాయి, కాగితం చట్టం ఎక్కింది.

[దృశ్యం: తిరిగి బీచ్. ఇసుకలో రెండు కర్రలు, మధ్యలో పురికొస.]

మేం చేసే పద్ధతి చెప్తాను. ఒక 100 మీటర్లు కొలిచి రెండు చివర్లా కర్రలు పాతుతాం. ప్రతిసారీ అదే 100 మీటర్లు. బీచ్ అంతా చేయాలన్న ఆశ వదులుకోవాలి, అది కొంచెం కష్టమే. నలుగురం ఒక జట్టు. ముగ్గురు ఏరితే ఒకరు రాస్తారు. ఏరేవాళ్లు "స్ట్రా ఒకటి, మూత రెండు, చిప్స్ ప్యాకెట్ ఒకటి" అని పైకి చెప్తారు. రాసేవాళ్లు నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఐదోది. ఫోన్‌లో రాయాలంటే క్లీన్ స్వెల్ అనే యాప్ ఉంది గానీ, ఉప్పు చేతులతో ఫోన్ నొక్కే బాధ కన్నా పెన్సిలే నయం. పెన్ను వద్దు, కాగితం తడిస్తే సిరా పాకుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనక్కి తగ్గక్కర్లేదు, రాసే పని మీదే. మా జట్టులో అందరికన్నా బాగా రాసేది రిటైరయిన ఒక లెక్కల మాస్టారు. "మూతా? సీసా మూతా, కూల్ డ్రింక్ మూతా? సరిగ్గా చెప్పమ్మా" అని ఎనిమిదో తరగతి పిల్లల్ని ఆపి మరీ అడుగుతారు.

ఏరడం అయ్యాక టార్పాలిన్ పరిచి అంతా దాని మీద పోసి, రకాల వారీగా వేరు చేస్తాం. కంపు కొడుతుంది, అబద్ధం ఎందుకు. కానీ అసలు కథ ఇక్కడే తెలుస్తుంది. తినుబండారాల బండ్లు ఉన్న చోట ఐస్‌క్రీమ్ చెంచాలు, టీ కప్పులు, మురీ మిక్చర్ పొట్లాలు. గెడ్డ వచ్చి కలిసే చోట అవి తక్కువ. అక్కడ షాంపూ సాషేలు, మందుల అట్టలు, టూత్‌బ్రష్‌లు, ఇందాకటి పాల ప్యాకెట్ మూలలు. బీచ్‌కి వచ్చినవాళ్లెవరూ ఇక్కడ కూర్చుని తల స్నానం చేయరు కదా!

దీన్ని నాకన్నా ముందే చెప్పిన మనిషి ఉన్నాడు. వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడు.

"అన్నా, సముద్రం ఇంత చెత్త తెచ్చిందేంటి?" అని అడిగాను.

"సముద్రం తేవడమేంటి బాబూ? మీరంపింది మీకు తిరిగిస్తంది. మొన్న వాన పడిందా, గెడ్డ పొంగిందా. అదే ఇది."

[దృశ్యం: విశాఖ పటం. కొండలు, వాటి నుంచి సముద్రానికి దిగే నీలి గీతలు.]

విశాఖ కొండల మధ్య ఊరు. ఆ కొండల మీద పడిన వాన గెడ్డల గుండా నేరుగా సముద్రానికి దిగుతుంది. ఇప్పుడా గెడ్డల్లో చాలావరకు మురుగు కాలవలే. దీనికి తోడు తీరం వెంట పారే ప్రవాహం కూడా దిక్కు మారుస్తుంది. ఫిబ్రవరి తర్వాత ఉత్తరానికి, అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా దక్షిణానికి. అంటే కొంత చెత్త మనది కాకపోవచ్చు, మన చెత్త కొంత పక్క జిల్లా ఇసుక మీద ఉండొచ్చు. కానీ సాషేల సంగతికి అంత దూరం వెళ్లక్కర్లేదు.

వినాయక నిమజ్జనం తర్వాతి క్లీనప్ వేరే రకం. 2024లో చవితి సెప్టెంబర్ 7న, తీర శుభ్రతా దినం 21న వచ్చాయి. ఆ రోజుల్లో ఇసుకలో మేకులతో ఉన్న కొయ్య చట్రాలు దొరుకుతాయి, చెప్పులు లేకుండా రావద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడితో చేసిన విగ్రహాల ముక్కలు మట్టిలా కరిగిపోవు. ఆ పొడి నీళ్లతో కలిసి జిప్సంగా గట్టిపడుతుంది, మళ్లీ సముద్రంలో వేసినంత మాత్రాన వెంటనే విడిపోదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు అలాంటి విగ్రహాలు వద్దనే చెప్తున్నాయి. విరిగిన విగ్రహం ముక్కలు ఏరడానికి కొందరికి మనసొప్పదు. వాళ్లని బలవంతం చేయం, రాసే పని ఇస్తాం.

[దృశ్యం: గవ్వలు, ఎండు కొమ్మ, సముద్రపు నాచు. ఒక్కొక్కదాని పక్కన ‘వదిలేయండి’ అని వస్తుంది.]

కొన్ని ముట్టుకోకూడదు. గవ్వలు, నాచు, ఎండు కొమ్మలు చెత్త కాదు, ఎండ్రకాయలకి అదే ఇల్లు, అదే కూడు. సిరంజిలు, గాజు పెంకులు కనిపిస్తే పిల్లల్ని దూరం పంపి జట్టు పెద్దని పిలవండి. సగం ఇసుకలో కూరుకుపోయిన వలని లాగకండి. ముందు అక్కడి మత్స్యకారులని అడగండి, అది పారేసినదో, ఆరబెట్టుకున్నదో వాళ్లకే తెలుసు. శీతాకాలం చివరి నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. ఇసుక మీద చిన్న ట్రాక్టర్ పోయినట్టు జాడ కనిపిస్తే అక్కడ తవ్వొద్దు, జల్లించొద్దు, అటవీ శాఖకి చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టం వాటిని మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలో పెట్టింది.

ఇంటి నుంచి ఏం తెచ్చుకోవాలంటే, పాత బియ్యం సంచి, అంట్లు తోమే రబ్బరు గ్లోవ్స్, టోపీ, స్టీలు సీసాలో నీళ్లు. పిండి జల్లెడ పాతది ఉంటే బంగారం. ఐదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలని మైక్రోప్లాస్టిక్ అంటారు, వాటిలో కొన్నయినా చేతికి చిక్కాలంటే జల్లెడే దారి. అమ్మని అడక్కుండా తేకండి, ఆ అనుభవం నాకుంది.

[దృశ్యం: చిన్న బల్ల. దాని మీద గాజు సీసాల్లో వేరు చేసిన చెత్త: మూతలు, స్ట్రాలు, పీకలు, నీలం త్రికోణాలు.]

ఒడ్డున బల్ల వేసుకుని జనంతో మాట్లాడే పని కూడా ఉంటుంది. చాలామంది దీనికే భయపడతారు, ఏం మాట్లాడాలో అని టెన్షన్. కరపత్రం చేతిలో పెడితే పది అడుగుల్లో కింద పడేస్తారు, మళ్లీ మనమే ఏరాలి. ఉపన్యాసం మొదలెడితే జనం వాచీ చూసుకుంటారు. మేం ఈ సీసాలు పెట్టి ఊరుకుంటాం. ఎవరో ఒకరు ఆగి నీలం ముక్కల సీసా పైకెత్తి, "ఏంటివి?" అంటారు. "మీరే చెప్పండి" అంటాం.

ఒకావిడ అర నిమిషం చూసి, "అయ్యో, ఇవాళ పొద్దున కూడా కోశానండీ" అంది. మూల పూర్తిగా తెంపకుండా చిన్న గాటు పెట్టి వంచితే పాలు అలాగే వస్తాయని ఆవిడకి చూపించాం. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే అక్క కూడా వచ్చి చూసింది. "అంతేనా? మా ఇంట్లో ఎప్పుడూ అలాగే కోస్తాం" అని వెళ్లి బొగ్గులు విసురుకుంది.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి, గెడ్డ పక్కన అవే రెండు కర్రల మధ్య ఉంటాం. బండి ఎనిమిదింటికి వస్తుంది, అడిగాను.