కూలి డబ్బు, దొరకని బియ్యం

శ్రోతలకు నమస్కారం.

మొన్న బరంపురంలో ఒక బియ్యం కొట్టు దగ్గర ఒక పెద్దావిడ గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, నూకలు ఏరి చూపిస్తూ, "వీటికా ఇంత ధర?" అని నిలదీశారు. కొట్టాయన, "ధర నా చేతిలో ఉందా అమ్మా? బజారు పెడుతుంది" అన్నాడు. చిన్న మాటే గాని, దాని వెనక రెండున్నర శతాబ్దాల వాదన ఉంది.

ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకపోతేనే కొరత కరువుగా ముదరదని అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లో రాశాడు. అయితే ఒక షరతు పెట్టాడు: దేశంలోని అన్ని ప్రాంతాల మధ్య రాకపోకలు, వర్తకం స్వేచ్ఛగా సాగాలి. అది చదువుకున్న ఇంగ్లీషు దొరలకు సూత్రం గుర్తుండిపోయింది, షరతు జారిపోయింది.

1865లో వానలు ముందే ఆగిపోయి ఒడిశాలో పంట పోయింది. మరుసటి ఏడు ఆరంభంలో అక్కడి బ్రిటిష్ కమిషనర్ రావెన్‌షా బియ్యం తెప్పించమని అడిగితే, రెవెన్యూ బోర్డు కుదరదంది. లాభముంటే వర్తకులే తెస్తారని, కరువు పనుల కూలి రొక్కంగానే ఇవ్వాలని చెప్పింది. సరైన బాటలు లేవు. వానాకాలం వచ్చాక ఓడలు సరుకు దించలేవు. కూలి డబ్బు చేతిలో ఉంది, కొనడానికి బియ్యం లేవు. దాదాపు పది లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన బరంపురం ఉన్న గంజాంనూ ఆ కరువు తాకింది. ఒడియావారు దాన్ని నేటికీ 'న అంక' కరువంటారు, అంటే పూరీ రాజు పాలన లెక్కలో తొమ్మిదో అంక ఏటి కరువని.

1943 బెంగాల్ కరువులో కథ తిరగబడింది. బియ్యం మరీ తరిగిపోలేదని, పెరిగిన ధరకు కొనే శక్తి కూలివాళ్లకు లేకపోయిందని అర్థశాస్త్రవేత్త అమర్త్య సేన్ 1981లో వాదించారు. ఆ లెక్కల మీద పండితులు నేటికీ తగువు పడుతున్నారు, పడనివ్వండి.

రేషన్ బియ్యం ఇవ్వాలా, ఖాతాలో డబ్బు వేయాలా అని ఇవాళ ఎవరైనా అడిగితే, నేను ముందు ఒకటే అడుగుతాను: మీ ఊరికి లారీ వస్తుందా? కొండమీది గూడానికి ఒక జవాబు, బరంపురం బజారుకు మరొకటి.

ఇంతకీ ఆ పెద్దావిడ రెండు కిలోలు కొన్నారు. ఏరిన నూకలు మాత్రం కొట్టాయన బల్ల మీదే పోసి వెళ్లారు.