ఫోన్-ఇన్: ఉబ్బసం, సీఓపీడీ మందులు, మీ సందేహాలు

యాంకర్: నమస్కారం. ఉబ్బసం, అలాగే శ్వాసనాళాలు ఏళ్ళ తరబడి ఇరుకైపోయే సీఓపీడీ జబ్బు, వీటి మందుల గురించి ఈరోజు మీ ప్రశ్నలకు ఊపిరితిత్తుల నిపుణులు డాక్టర్ గారు జవాబులిస్తారు. అప్పుడే కాల్స్ మొదలయ్యాయి. హలో, చెప్పండి.

కాలర్ 1: నమస్తే అండీ. మా బాబుకి 7 ఏళ్ళు. ఉబ్బసం అని బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్ రాశారు. అది స్టిరాయిడ్ కదా, పిల్లాడు ఎదగడని మా అత్తగారి భయం. నాకూ భయంగానే ఉంది.

డాక్టర్: ఎదుగుతాడమ్మా. మింగే స్టిరాయిడ్ మాత్ర మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఒళ్ళంతా తిరుగుతుంది. పీల్చేది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా శ్వాసనాళాల్లోకే పోతుంది. ఏళ్ళ తరబడి వాడిన పిల్లల్లో ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గొచ్చు, అంతే. జబ్బు అదుపు తప్పితే ఆ ఎదుగుదలా పోతుంది, రాత్రి నిద్రా పోతుంది. ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, స్పేసర్, ఇచ్చారా?

కాలర్ 1: ఇచ్చారండీ.

డాక్టర్: దానితోనే వేయండి. వేసిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయించాలి. లేకపోతే నోరు పూస్తుంది, గొంతు బొంగురుపోతుంది. బాగున్నాడు కదా అని మీ అంతట మీరు ఆపకండి.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్.

కాలర్ 2: హలో... హలో... వినబడుతోందా?

యాంకర్: టీవీ సౌండు తగ్గించి మాట్లాడండమ్మా.

కాలర్ 2: ఆఁ, తగ్గించా. నమస్కారం సార్. నాకు 54 ఏళ్ళు. చిన్నప్పుడు ఏమీ లేదు. రెండో కాన్పు అయ్యాక మొదలైంది ఈ పిల్లికూతలు. కాదు కాదు, అంతకు ముందే జలుబు చేస్తే నెల్లాళ్ళు దగ్గేదాన్ని, మా అమ్మ అనేది కూడా. ఇప్పుడు తెల్లారుజామున మూడింటికి లేచి కూర్చోవాల్సొస్తోంది. నీలం రంగు ఇన్‌హేలర్ ఉంది కదా, అది కొట్టుకుంటే తగ్గిపోతుంది. క్యాప్సూల్స్ కూడా రాశారు గానీ వాటితో ఏం గుణం కనిపించలేదు, మానేశా. ఇన్‌హేలర్ అలవాటైతే ఇక జన్మలో వదలదని మా ఆడపడుచు అంటోంది. నేను అడిగేదేంటంటే, ఇవన్నీ మానేసి మాత్రలతో సరిపెట్టుకోవచ్చా అని.

డాక్టర్: ఒక్క నిమిషం అమ్మా. రంగు చెబితే చాలదు, కంపెనీని బట్టి రంగు మారిపోతుంది. డబ్బా మీద పేరు చదవండి.

కాలర్ 2: ఉండండి, కళ్ళజోడు... ఆఁ, సాల్బుటమాల్ అని ఉంది సార్.

డాక్టర్: ఎన్నాళ్ళకొక డబ్బా అయిపోతోంది?

కాలర్ 2: నెలకొకటి. చలికాలంలో ఇంకా ముందే.

డాక్టర్: నెలకొకటా! ఇది మీరొక్కరే కాదు, అందరూ వినాలి. డబ్బాకి మామూలుగా 200 పఫ్‌లుంటాయి. ఏడాదిలో 3 డబ్బాలు అయ్యాయంటేనే ఆయాసం ముదిరి ఆస్పత్రిపాలయ్యే అవకాశం పెరుగుతుంది. 12 దాకా పోయిందంటే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. సాల్బుటమాల్ నాళాల చుట్టూ బిగిసిన కండరాన్ని అయిదు నిమిషాల్లో వదులు చేస్తుంది. 4 నుంచి 6 గంటలు పనిచేస్తుంది. లోపల వాపు మాత్రం అలాగే ఉండిపోతుంది. నిప్పు ఆర్పకుండా పొగ విసురుకుంటున్నారమ్మా మీరు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కటే పెట్టుకుని నెట్టుకురావద్దని 2019 నుంచి జీనా అనే సంస్థ ఇచ్చే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కాలర్ 2: అయ్యో. అది కొట్టుకుంటేనే కదా సార్ నాకు ఊపిరి ఆడేది.

డాక్టర్: ఆడుతుంది, అందుకే అందరికీ దాని మీదే నమ్మకం. పూటపూటా వాడాల్సిన మందు అప్పటికప్పుడు హాయి ఇవ్వదు, దాన్ని పక్కన పడేస్తారు. ఆ క్యాప్సూల్స్ ఎలా వాడారు?

కాలర్ 2: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గ్లాసుడు నీళ్ళతో.

డాక్టర్: మింగారా?

కాలర్ 2: క్యాప్సూల్ కదా సార్.

డాక్టర్: అది మింగేది కాదమ్మా. కడుపులోకి పోతే ఊపిరితిత్తులకు చేరేది దాదాపు ఏమీ ఉండదు. తప్పు మీది కాదు, ఎలా వాడాలో చూపించకుండా చేతిలో పెట్టినవాళ్ళది. దాంతోపాటు ప్లాస్టిక్ పరికరం ఏదైనా ఇచ్చారా?

కాలర్ 2: ఏదో ఇచ్చారు. అట్టపెట్టెలోనే ఉంది, తియ్యలేదు.

డాక్టర్: తియ్యండి. క్యాప్సూల్ అందులో పెట్టాలి. ముందు ఊపిరి బయటికి వదిలేయాలి, పరికరంలోకి కాదు, పక్కకి. పెదాలు బిగించి గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. ఓ పది సెకన్లు బిగపట్టాలి. మీ నీలం డబ్బా అలా కాదు. దాన్ని బాగా ఊపి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చాలి. రెండూ ఒకేలా పీలిస్తే ఏదో ఒక మందు వృథా. ఆ క్యాప్సూల్‌లోని పొడి పీల్చాక పుక్కిలించి ఉమ్మేయండి. మళ్ళీ చెబుతున్నా, ఉమ్మేయాలి.

కాలర్ 2: సరే సార్. మరి మాత్రల సంగతి? అంటే ఇన్‌హేలర్ మానేసి...

యాంకర్: అమ్మా, ఇంకా చాలామంది లైన్‌లో ఉన్నారు...

డాక్టర్: ఉండనివ్వండి, చెబుతాను. ఇదే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మాత్రలంటే ఏవమ్మా? థియోఫిలిన్ ఉంది. అది మందుగా పనిచేసే మోతాదుకీ, విషమయ్యే మోతాదుకీ మధ్య తేడా చాలా తక్కువ. మోతాదు మించితే వాంతులు, గుండెదడ, ఫిట్స్ కూడా రావచ్చు. వేరే జ్వరానికో ఇన్ఫెక్షన్‌కో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నారనుకోండి, రక్తంలో థియోఫిలిన్ ఇంకా పెరుగుతుంది. మాంటెలుకాస్ట్ ఉంది. కొందరికి బాగానే ఉపయోగపడుతుంది గానీ పీల్చే స్టిరాయిడ్‌కి సాటి రాదు. పీడకలలు, దిగులు, చిరాకు లాంటివి వస్తున్నాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి గట్టి హెచ్చరిక పెట్టింది. స్టిరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే షుగరు, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లం. ఇవన్నీ వదిలేసి అన్నిటికంటే తక్కువ మందుతో పనయ్యే ఇన్‌హేలర్‌ని చూసి భయపడుతున్నాం.

కాలర్ 2: అలవాటు పడిపోమా సార్?

డాక్టర్: పడరమ్మా. జబ్బు ఉంది కాబట్టి మందు కావాలి. వాపు తగ్గడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, ఓపిక పట్టండి. మూడు నెలలు బాగా అదుపులో ఉంటే మీ డాక్టరే మోతాదు తగ్గిస్తారు. స్టిరాయిడ్ అయిన బ్యుడెసొనైడ్, నాళాలను తెరిచే ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ ఒకటుంది, రోజూ వాడటానికీ, ఆయాసం వచ్చినప్పుడు వాడటానికీ అదొక్కటే సరిపోవచ్చు. అది మీకు పనికొస్తుందేమో వాళ్ళనే అడగండి. ఈ వారమే వెళ్ళండి. రెండు పరికరాలూ పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పీల్చి చూపించండి. వెళ్తారా?

కాలర్ 2: వెళ్తాను సార్. చాలా థాంక్స్ సార్.

యాంకర్: తర్వాతి కాలర్. హలో? ... లైన్ కట్ అయినట్టుంది. ఇంకొకరు, చెప్పండి.

కాలర్ 4: సార్, నాకు 67. సీఓపీడీ అన్నారు. రోజుకొకసారి టియోట్రోపియం పీలుస్తున్నా. మా స్నేహితుడికి మూడు మందులు కలిసిన ఇన్‌హేలర్ ఇచ్చారు. నాకు ఒక్కటే ఎందుకిచ్చారు?

డాక్టర్: ఆయన జబ్బు ఆయనది. సీఓపీడీలో నాళాలను 24 గంటలు తెరిచి ఉంచే మందులే ముఖ్యం, మీది అలాంటిదే. మాటిమాటికీ జబ్బు ముదురుతున్నప్పుడు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువగా ఉన్నప్పుడు స్టిరాయిడ్ కలుపుతారు. అవసరం లేకుండా కలిపితే న్యుమోనియా ముప్పు. మూత్రం ఇబ్బంది ఏమైనా ఉందా?

కాలర్ 4: లేదు సార్.

డాక్టర్: ఆగి ఆగి వచ్చినా, కంటి చూపు మసకబారి నొప్పి వచ్చినా చెప్పండి, టియోట్రోపియంతో అవి రావచ్చు. సిగరెట్టు?

కాలర్ 4: బాగా తగ్గించా. రోజుకి రెండో మూడో.

డాక్టర్: తగ్గించడం కాదు సార్, మానాలి. ఊపిరితిత్తుల శక్తి పడిపోయే వేగాన్ని తగ్గించేది అదే. మీరు కాలుస్తూనే ఉంటే నేను ఎన్ని ఇన్‌హేలర్లు రాసి ఏం లాభం? మానడానికీ మందులున్నాయి, అడిగి రాయించుకోండి.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాత?

కాలర్ 5: డాక్టర్ గారూ, అమ్మకి ఉబ్బసం. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమాకి కంటి చుక్కలు మొదలుపెట్టాక ఆయాసం ఎక్కువైంది. సంబంధం ఉంటుందా?

డాక్టర్: చుక్కల పేరు?

కాలర్ 5: టిమొలాల్.

డాక్టర్: ఉంటుందమ్మా. అది బీపీకి, గుండెకి కూడా వాడే బీటా బ్లాకర్ రకం మందు. చుక్కలే కదా అనుకోకండి, రక్తంలోకి పోయి నాళాలను బిగిస్తుంది. ఈరోజే కంటి డాక్టర్‌కి ఫోన్ చేసి ఉబ్బసం ఉందని చెప్పండి, వేరే చుక్కలు మారుస్తారు. నొప్పి మాత్రలు పడని ఉబ్బసం కూడా కొందరికి ఉంటుంది, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు ఉబ్బసం ఉందని చెప్పాలి.

యాంకర్: చివరి కాల్. త్వరగా అడగండి.

కాలర్ 6: సార్, ప్రెడ్నిసొలోన్ రెండు నెలలుగా వాడుతున్నా. ముఖం ఉబ్బింది. రేపటి నుంచి ఆపేద్దామని...

డాక్టర్: వద్దు బాబూ, ఒక్కసారిగా ఆపకు! ఇన్నాళ్ళు వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టిరాయిడ్ మందగిస్తుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కొంచెం కొంచెంగా దించాలి. రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళు.

యాంకర్: సమయం అయిపోయింది డాక్టర్ గారూ.

డాక్టర్: ఒక్కమాట చెప్పనివ్వండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, సాల్బుటమాల్ తీసుకున్నా తగ్గకపోయినా, తగ్గి నాలుగు గంటల్లోపే మళ్ళీ వచ్చినా ఇంట్లో కూర్చోకండి. దారిలో కూడా స్పేసర్‌తో మందు పీలుస్తూనే ఆస్పత్రికి వెళ్ళండి.

యాంకర్: థాంక్యూ డాక్టర్ గారూ. నమస్కారం.