సర్ది కాదు, పుప్పొడి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. నిర్వాహకులు ‘పుప్పొడి అలర్జీ – జాగ్రత్తలు’ అని నాకు కాగితం మీద రాసిచ్చారు గానీ, హన్మకొండలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పిన నాకు ఆ మాట వినగానే జాగ్రత్తల కన్నా ముందు ఒక పిల్లవాడు గుర్తుకు వస్తాడు.

ఒక మార్చిలో ఇంటర్ పరీక్షలకు ఇన్విజిలేటర్‌గా ఉన్నాను. కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న ఆ అబ్బాయి మొదటి అరగంటలోనే జవాబు పత్రం మీద తల వాల్చాడు. “రాత్రంతా ఏం వెలగబెట్టావురా” అని అందరి ముందు గద్దించి లేపాను. కాసేపటికి మళ్లీ లేపాను. చివరి గంట కొట్టాక వాడు తడిసి ముద్దయిన చేతిరుమాలు జేబులో కుక్కుకుంటూ, తుమ్ములు ఆగక పొద్దున మెడికల్ షాపులో సర్ది గోలీ అడిగి వేసుకున్నానని చెప్పాడు. పుప్పొడి రేణువులను వందలమందికి మైక్రోస్కోపులో చూపించినవాణ్ని, ఎదురుగా ఉన్న ఆ ఎర్రబడ్డ కళ్లను చూసి కూడా గుర్తుపట్టలేకపోయాను.

బ్రిటన్‌లో 15 నుంచి 17 ఏళ్ల విద్యార్థులు 1,834 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. పరీక్ష కాలంలో ఈ అలర్జీతో బాధపడినవారికి, నమూనా పరీక్షలో వచ్చిన గ్రేడు అసలు పరీక్షలో తగ్గే అవకాశం సుమారు 40 శాతం ఎక్కువని, మత్తు కలిగించే మాత్ర వేసుకున్నవారికి అది సుమారు 70 శాతం ఎక్కువని అందులో తేలింది. అది చదివిన రోజు నేను గద్దించిన ఆ రెండు సార్లూ నాకు మళ్లీ వినిపించాయి.

ఇంతకీ దోషం ఏ పువ్వుది? బతుకమ్మకు తంగేడు కోయబోయి తుమ్ముతూ వచ్చినవారు తంగేడునే తిడతారు. దాని పుప్పొడి పురుగుల వెంట పోయేదే తప్ప గాలిలో పెద్దగా తిరిగేది కాదు. ఆ పక్కనే తెల్లటి చిన్న పూలతో నిలబడ్డ వయ్యారిభామను, కాలి కింది గరికను, చేను గట్టు మీది ఆముదాన్ని, చెరువు కట్ట మీది సర్కారు తుమ్మను ఎవరూ అనుమానించరు. ఏనుమాముల యార్డులో మిర్చి బస్తాల మధ్య వచ్చే తుమ్ము వేరు. అది ఘాటు, ఎవరికైనా వస్తుంది. కళ్లు దురద పెట్టి, ముక్కు నీళ్లలా కారి, జ్వరం లేకుండా ఏటా అదే కాలంలో వారాల తరబడి వేధిస్తే మాత్రం అది సర్ది కాదు.

మళ్లీ గోలీ దగ్గరికే వస్తాను, మన్నించండి. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు మెదడు దాకా వెళ్లి నిద్ర తెస్తాయి. సిట్రిజిన్ కూడా కొందరిని మగతలో పడేస్తుంది. ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ వంటి వాటితో ఆ బెడద తక్కువ. ఏదైనా సరే, డాక్టరును అడిగి, పరీక్ష లేని రోజున ఒకసారి వేసుకుని చూడకుండా హాల్ టికెట్ పట్టుకున్న రోజున కొత్త మాత్ర మింగవద్దు. బిగిసిన ముక్కును క్షణాల్లో తెరిచే చుక్కలను అయిదు రోజులు దాటి వాడితే, ఆపగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువగా బిగుస్తుంది. తుమ్మితే ఊడే ముక్కు కాకపోయినా దానికీ ఓర్పు ఉంటుంది కదా. డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే అలా కాదు. అది పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు కాబట్టి పూత కాలానికి ముందే మొదలుపెట్టి రోజూ వాడాలి. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే మాత్రం ఇవేవీ చూసుకుంటూ కూర్చోకుండా దవాఖానకు వెళ్లాలి.

స్ప్రే పట్టుకోవడం చాలామందికి రాదు. ఖాళీ సీసా ఒకటి తెచ్చాను. ముందు వరుసలోంచి ఎవరైనా ఒకరు వేదిక మీదికి రండి. తల కొంచెం వంచు నాయనా. ఎడమ ముక్కుకు కుడి చేయి. మొన మధ్య గోడ వైపు కాదు, చెవి వైపు తిప్పు. గట్టిగా ఎగబీల్చకు.