కమ్యూనిటీ ట్యాంకులో చేపలకు మేత ఎంత వేయాలి?

అందరికీ నమస్కారం. గుప్పీలు, మోలీలు, నియాన్ టెట్రాలు, అడుగున కోరిడోరాస్ కలిసి ఉన్న ట్యాంకులో రోజుకు మేత ఎంత వేయాలో ఈరోజు చూద్దాం. మేత డబ్బా మీద రోజుకు రెండు మూడు సార్లు అని రాసి ఉంటుంది. అది మీ ట్యాంకు చూసి రాసింది కాదు, పక్కన పెట్టండి.

ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద చెక్ ట్రే చూసే ఉంటారు. అందులో మేత వేసి గుంటలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి, ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత పెంచడమో తగ్గించడమో చేస్తారు. మన గాజుతొట్టికీ ఇదే లెక్క. మిగిలినదాన్ని చూసి కొలత కట్టాలి.

ఇప్పుడు కొలుద్దాం. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. కాగితం మీద ఒక గ్రాము మేత తూచుకోండి. మేత కొట్టుకుపోకుండా ఫిల్టర్ ఆపండి, అయిదు నిమిషాల్లో మళ్ళీ వేయాలి, మర్చిపోవద్దు. చిటికెలో సగం వేయండి. అది అయిపోయాక ఇంకో సగం. ఇలా రెండు నిమిషాలే. చేపలు మేతను నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నా, పక్కనుంచి పోతున్నా పట్టించుకోకపోయినా అక్కడికి ఆపేయండి. కాగితం మీద మిగిలింది తూచండి. 0.60 ఉంటే 0.40 తిన్నట్టు. మూడు రోజులు ఒకే వేళకు చూసి సగటు తీయండి. ఆ సగటులో ముప్పావు వంతే మీ పూట మేత, అంటే 0.30. ఎందుకంటే చేప దొరికినంతా తింటుంది, అవసరమైనంత దగ్గర ఆగదు. అంత మేత ఒక చిన్న స్పూనులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో గీత పెట్టుకోండి. రోజూ కాటా అక్కర్లేదు.

పెద్ద చేపలకు రోజు మొత్తానికి వాటి బరువులో ఒకటి రెండు శాతం సరిపోతుంది. ట్యాంకులో అన్నీ కలిపి 30 గ్రాములుంటే 0.30 నుంచి 0.60 గ్రాములు. ఒక పూటో రెండు పూటలో, వారానికి ఒకరోజు పస్తు. చేప పిల్లలకు ఈ లెక్క వర్తించదు, వాటికి పొడి మేత కొంచెం కొంచెంగా రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. మనిషి కనబడగానే పైకొచ్చి నోరు తెరుస్తున్నాయని ఆకలనుకోవద్దు, అది అలవాటు.

అడుగు చేపల దగ్గరే చాలామంది తప్పుతారు. పైనుంచి రాలింది కోరిడోరాస్ తింటాయిలే అనుకుంటారు. పైనున్నవి వాటికేమీ మిగల్చవు. లైటు ఆర్పిన తర్వాత మునిగే పెల్లెట్లు వేయండి, అదీ ఇసుక మీద కాకుండా ఇలా ఒక చిన్న గాజు గిన్నెలో. ఇదే మీ చెక్ ట్రే. గంటన్నర తర్వాత టార్చి వేసి చూడండి. మిగిలి ఉంటే గిన్నెతో సహా తీసేసి, రేపు తగ్గించండి.

మన దగ్గర రొయ్యల మేత సులభంగా దొరుకుతుంది, అడుగు చేపలు తింటాయి కూడా. కానీ అది మునిగే మేత, గుప్పీలకు అందదు. పైగా సముద్రపు గాలికి తేమ పట్టి బూజొస్తుంది. వాసన మారిన మేత వేయనే వేయొద్దు. ఏ మేతైనా గాలి చొరబడని డబ్బాలో పెట్టి, మూత తీసిన మూడు నెలల్లో వాడేయండి.

ఎక్కువైతే ఏమవుతుంది? 40 శాతం ప్రోటీన్ ఉన్న ఒక గ్రాము మేతలో 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. తినకుండా కుళ్ళితే, 50 లీటర్ల ట్యాంకులో లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా అమ్మోనియా రూపంలో చేరగలదు. మీ బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటే ఇంకా జాగ్రత్త: అదే 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7తో పోలిస్తే విషపూరితమైన అమ్మోనియా సుమారు తొమ్మిది రెట్లుంటుంది. నీళ్లు పాలలా తెల్లబడినా, చేపలు పైకొచ్చి గాలి మింగుతున్నా రెండు రోజులు మేత ఆపండి. అడుగున ఉన్నది సైఫన్ పైపుతో లాగేసి, నాలుగో వంతు నీళ్లు మార్చండి. మునిసిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి. ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద కడగొద్దు, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. లేకపోతే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

రోహిణి కార్తెలో ఇంకో ఇబ్బంది. నీళ్లు వేడెక్కితే చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కానీ నీళ్లలో నిలిచేది తక్కువ. తిన్నాక ఆ అవసరం ఇంకా పెరుగుతుంది. ట్యాంకు 32 డిగ్రీలు దాటితే మేత సగానికి తగ్గించి, ఉదయం లైటు వేసిన గంటకు పెట్టండి. కరెంటు పోయి ఫిల్టర్, ఎయిర్ పంపు ఆగితే మేతే వద్దు.

ఊరెళ్తున్నారా? ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉంటాయి. అంతకు మించితే పక్కింటివాళ్లకు పొట్లాలు కట్టి ఇవ్వండి. రోజు విడిచి రోజుకు ఒక పొట్లం, పైన తేదీ రాసి. డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లండి.